అద్వితీయులు ఇద్దరు

మా ఊరి సెంటర్లో రెండు ఫ్లెక్సీలు ఎదురెదురుగా కట్టారు. ఇటు ఒక పార్టీ ఆయన పుట్టినరోజు, అటు ఇంకో పార్టీ ఆయనకు పదవొచ్చిన సంబరం. ఇద్దరి ఫొటోల కిందా ఒకటే మాట: ‘అద్వితీయ నాయకుడు’. రెండోవాడు లేడని చెప్పే మాటను ఇద్దరికి సమానంగా పంచిపెట్టారన్నమాట. టీ కొట్టు దగ్గర నిలబడి ఈ సంగతి పైకి అంటే ఒక కుర్రాడు, “అంటే గ్రేట్ అని తాతా, అంతే” అన్నాడు. గ్రేట్ అనుకుంటే గ్రేట్ అని రాసుకోవచ్చుగా! పెయింటరుకి అక్షరాలు కూడా కలిసొచ్చేవి.

మా వియ్యపురాలి వాళ్ళ అపార్టుమెంటులో ఒకామెకు కవల ఆడపిల్లలు పుట్టారు. పెద్దదానికి అద్వితీయ అని పేరు పెట్టారు. మరి రెండోదాన్ని ఏం చెయ్యాలి? ఆ పిల్ల ఉన్నట్టా, లేనట్టా? ఇంటర్నెట్‌లో చూసి పెట్టామన్నారు. బాగుంది. మా రోజుల్లో ఒక మాటను నోట్లోకి తీసుకోవాలంటే దాని అర్థం ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, చెప్పలేకపోతే పదిమందిలో నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు మాటలు కూడా పార్సిల్లో వస్తున్నాయి, విప్పి చూసేవాడు లేడు.

నాకు ఈ ఒక్క మాట మీదే ఇంత పట్టింపు ఎందుకంటే, నేను నేర్చుకున్న మొదటి కష్టమైన తెలుగు మాట ఇదే. అదీ బళ్ళో కాదు. మాలపల్లెలోని లూథరన్ గుడిలో, సాగర్ కాలవ నీళ్ళు మా పొలాలు చూడకముందు, లాంతరు వెలుగులో. అవును, మేం గుడి అనే అంటాం. చర్చి అని పట్నం వాళ్ళంటారు.

గుంటూరు లూథరన్లకు 1842 జూలై 31 పండగరోజు. జర్మనీలో పుట్టి అమెరికాలో పాస్టరైన హయ్యర్ దొరగారు ఆ రోజు గుంటూరు చేరారు. అప్పటి కలెక్టరు స్టోక్స్ చేరదీశారు. తరవాత పల్నాడు వెళ్ళి గురజాలలో కూడా పనిచేశారు. ఆయన వెనకాల బళ్ళు వచ్చాయి, ఆస్పత్రులు వచ్చాయి. డాక్టరు చదివిన కుగ్లర్ దొరసానమ్మ 1883లో దిగింది, ఆమె పేరుతోనే ఆస్పత్రి ఉంది. అవన్నీ అందరూ చెప్పుకుంటారు. నేను చెప్పేది వాటి వెనక పల్లెల్లోకి వచ్చిన చిన్న జీతం పంతులుగార్ల సంగతి. మా పంతులుగారు వారం రోజులూ గుడి గదిలోనే మాకు ఎక్కాలు చెప్పేవాడు, ఆదివారం అక్కడే ప్రసంగం చేసేవాడు, రాత్రుళ్ళు పెద్దవాళ్ళను కూర్చోబెట్టి లూథరు చిన్న ప్రశ్నోత్తరాలు వల్లె వేయించేవాడు. చింతబరికె ఒకటే, పిల్లలకూ పెద్దలకూ. పెద్దలకు చూపించేవాడు, మాకు తగిలించేవాడు.

మా నాయనమ్మకు అక్షరం రాదు. వేలిముద్ర. మిరపకోతల రోజుల్లో పొద్దుగూకి ఇంటికొచ్చి, మండే చేతులకు ఆముదం రాసుకుని, అట్లాగే వచ్చి చాప మీద కూర్చునేది. విశ్వాస ప్రమాణం మొదటినుంచి చివరిదాకా తప్పు లేకుండా చెప్పేది. అందులో రెండో భాగంలో ఉంటుంది ఈ మాట: అద్వితీయ కుమారుడు. ‘ద్వి’ దగ్గర ఆమె నాలుక ఒక్క క్షణం ఆగేది, తరవాత దాటేసేది. అంతటితో సరిపోతే వల్లె వేయడమే అనుకోవచ్చు. కానీ పంతులుగారు వదిలేవాడు కాదు.

“దేవుడికి కుమారులెంతమంది?”

“ఒక్కడేనయ్యా.”

“మరి నువ్వు రోజూ ‘మా తండ్రీ’ అని ప్రార్థన చేస్తున్నావే. నువ్వు ఆయనకేమవుతావు?”

ఇది మామూలు మెలిక కాదు. మొదటిసారి విన్నవాళ్ళు అందరూ దీనిలో పడేవాళ్ళు. కూతురినంటే ‘ఒక్కడే’ అన్నది అబద్ధమవుతుంది. కాదంటే ప్రార్థన అబద్ధమవుతుంది. జవాబు పౌలు రాసిన పత్రికల్లో ఉంది: మనం దత్తత వచ్చినవాళ్ళం. దత్తత గురించి మా జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. దత్తత తగాదాలతో గుంటూరు కోర్టు ప్లీడర్లు మేడలు కట్టారు. దత్తుడికి ఆస్తిలో వాటా ఉంటుంది, ఇంటిపేరు వస్తుంది, తలకొరివి హక్కు ఉంటుంది. రక్తం మటుకు రాదు. ఇంత తేలిగ్గా ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూపించేవాడాయన.

తరవాత ఇంకో ప్రశ్న వేసేవాడు. “అబ్రాహాముకు ఇస్సాకు ఒక్కడే కొడుకా?” బైబిలు తెలిసినవాళ్ళు కాదండీ అనేవాళ్ళు. దాసి హాగరుకు ఇష్మాయేలు ముందే పుట్టాడు కదా. “మరి హెబ్రీ పత్రికలో ఇస్సాకును ఒక్కగానొక్క కొడుకు అని ఎందుకన్నారు? రాసినాయనకు లెక్క రాదా?” మగవాళ్ళందరూ తలలు గోక్కుంటుంటే వెనక వరసలోంచి మా నాయనమ్మ అన్నదట: “వాగ్దానానికి పుట్టింది ఆ ఒక్కడేగా అయ్యా.” పంతులుగారు బరికె కింద పెట్టేశాడని మా నాన్న చెప్పేవాడు. ఆ జవాబు ఎక్కడా రాసిపెట్టలేదు. ఆడవాళ్ళ జవాబులు రాసిపెట్టే అలవాటు ఆ రోజుల్లో లేదు. ఆ మాటకొస్తే మా రోజులన్నీ బంగారమని నేను అనను. పల్లెకు మంచినీళ్ళ బావి వేరు, ఊళ్ళో టీ కొట్టులో గ్లాసు వేరు. గుడిలో పొందిన మర్యాద గడప దాటగానే అయిపోయేది.

ఆమె చెప్పిన జవాబు ఎంత పెద్దదో నాకు గుంటూరులో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు తెలిసింది. 1885లో పెట్టిన కాలేజీ అది. అక్కడ మొదటిసారి కింగ్ జేమ్స్ బైబిలు ఇంగ్లీషులో చదివాను. 1611 నాటి ఇంగ్లీషు. మన అద్వితీయ కుమారుడి చోట అందులో ‘ఓన్లీ బిగాటెన్’ అని ఉంది. బిగాటెన్ అనే మాట నేను అంతకు ముందు ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ చూడలేదు, ఆ తరవాతా ఎక్కడా తగల్లేదు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను చర్చి బయటికి పెద్దగా తీసుకురారు. కన్న, పుట్టించిన అని దాని అర్థం, అదీ తండ్రి విషయంలోనే ఎక్కువ. తల్లికి వాళ్ళ దగ్గర వేరే క్రియ ఉంది. మనకు ఆ ఇబ్బంది లేదు. కన్నతల్లి, కన్నతండ్రి, ఇద్దరికీ ఒకటే కనడం. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో తాతముత్తాతల జాబితా అంతా ‘కనెను, కనెను’ అని సాగితే మా పల్లెలో ఎవరికీ వింతగా అనిపించలేదు. మగవాళ్ళు కనడమేమిటి అని అడిగింది ఈ కాలం పిల్లలే.

గ్రీకులో ఆ మాట ‘మొనోగెనేస్’. దాన్ని ఎట్లా విడదీయాలన్న దగ్గర పండితులకు పేచీ. కనడం అనే ధాతువు ఉందనుకుంటే ‘ఒక్కడుగా పుట్టినవాడు’. జాతి, రకం అనే మాట ఉందనుకుంటే ‘తన రకంలో తానొక్కడే’. నాలుగో శతాబ్దం చివర జెరోమ్ లాటిన్ బైబిలును సరిచేసేటప్పుడు యోహాను సువార్తలో పాత తర్జుమాలోని ‘ఒక్కడే’ అన్న మాట తీసి ‘ఒక్కడుగా పుట్టిన’ అని పెట్టాడు. లూకాలో నాయీను విధవరాలి కొడుకు దగ్గర మటుకు గ్రీకు మాట అదే అయినా మామూలు ‘ఒక్కడే’ను ఉంచేశాడు. మన తెలుగు తర్జుమా కూడా ఆ విధవరాలి దగ్గర అద్వితీయ జోలికి పోలేదు, ఒక్కడే కుమారుడని మామూలుగా చెప్పింది. ఆ తేడా చూసి నేను కాలేజీ లైబ్రరీలో చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. తర్జుమా చేసినవాళ్ళు ఊరికే చేయలేదు, ఏ మాట ఎక్కడ పడాలో చూసుకున్నారు. ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు?

జెరోమ్‌కు ఆ జాగ్రత్త ఎందుకంటే అంతకు ముందు పెద్ద గొడవే జరిగింది. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద, కుమారుడు కూడా దేవుడు చేసినవాడే, ఆయన లేని కాలం ఒకటుంది అని బోధించాడు. దాన్ని తేల్చడానికి 325లో నైసియాలో బిషప్పులు కూడారు, చక్రవర్తే కూర్చోబెట్టాడు. కన్నది వేరు, చేసింది వేరు అని వాళ్ళు తీర్పు చెప్పారు. చేసింది చేసినవాడికంటే వేరుగా, తక్కువగా ఉండొచ్చు. కన్నది కన్నవాడి స్వభావమే. నాకు తెలిసి ఒక విశేషణం కోసం రాజ్యాలు కదిలిపోయిన సందర్భం చరిత్రలో ఎక్కువ లేదు. ఆ మాట సరిగ్గా చెప్పనందుకు దేశం వదిలిపోయినవాళ్ళున్నారు. మన సెంటర్లో ఫ్లెక్సీ కట్టినవాడికి పదిహేను వందలు ఇచ్చి పంపారు.

ఇంగ్లీషులో ఈ మధ్య బిగాటెన్‌ను తీసేస్తూ వచ్చారు. 1946లో వచ్చిన సవరణ కొత్త నిబంధనలోనే ‘ఓన్లీ’ అని ఊరుకున్నారు. తరవాత ఇంకో తర్జుమావాళ్ళు ‘వన్ అండ్ ఓన్లీ’ అన్నారు. జాతి, రకం అన్న అర్థమే సరైనదని ఇరవయ్యో శతాబ్దపు పండితులు ఎక్కువమంది చెప్పడం దానికి కారణం. ఇస్సాకునే సాక్ష్యంగా చూపిస్తారు, అన్న ఉన్నవాడు ఒక్కడే ఎట్లా అయ్యాడు, ప్రత్యేకమైనవాడు కాబట్టి అని. ఆముదం చేతులతో మా నాయనమ్మ చెప్పిందీ అదే. ఆమెకు ఒక చుట్ట ఇచ్చి పంపితే ఆ పండితులకు గ్రంథాలు రాసే శ్రమ తప్పేది.

సరే, మన మాట దగ్గరికి వద్దాం. అద్వితీయ అనేది దొరలు పుట్టించిన మాట కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పే మాట అది. మొదట ఉన్నది ఒక్కటే, దానికి రెండోది లేదని. శంకరుడి అద్వైతమంతా దాని చుట్టూ తిరుగుతుంది. శూద్రుడు వేదం వింటే చెవుల్లో సీసం పోయాలని గౌతమ ధర్మసూత్రం. శూద్రుల సంగతే అది, మేం ఆ లెక్కలోకి కూడా రాము. అట్లాంటి వేదంలోని మాటను మా పల్లెలో అక్షరం రాని ముసలమ్మ ఆదివారం ఆదివారం గట్టిగా పలికేది, గుడి కిటికీలోంచి ఊళ్ళోకి వినపడేట్టు. దాన్ని పెట్టిన తర్జుమాదారులు ఇదంతా ఆలోచించి పెట్టారో లేదో గానీ, పెట్టాక జరిగింది ఇది. నా వరకు అక్షరాస్యత కంటే పెద్ద సంగతి అది.

అయితే అంతా గుడితోనే మొదలైందని చెబితే అదీ తప్పు. ఒంగోలు వైపు మాదిగ పల్లెల్లో బాప్టిస్టులను నడిపించిన యర్రగుంట్ల పేరయ్య, కనిగిరి దగ్గర తాళ్ళకొండపాడు ఆయన, 1866లో బాప్తిస్మం పుచ్చుకోకముందే రాజయోగం నేర్చినవాడు. అదీ ఒక స్త్రీ గురువు దగ్గర. అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో అచ్చైన తన పుస్తకంలో ఆ సంగతులన్నీ రాసింది. పుస్తకం పేరు కూడా ‘చెప్పులు కుట్టుకుంటూ’ అన్న అర్థం వచ్చేట్టు పెట్టుకుంది. అంటే చెప్పులు కుట్టే చోటనే దేవుడు ఒక్కడా ఇద్దరా అన్న చర్చ అప్పటికే నడుస్తున్నది. విగ్రహాలకు అవతల ఒక్కడే ఉన్నాడని తత్త్వాలు పాడినవాళ్ళు ఆ పల్లెల్లో తిరిగారు. పేరయ్యకు కొత్త మతంలో కొత్తగా దొరికింది ఆ ‘ఒక్కడు’ కాదు, ఆ ఒక్కడు కన్న కుమారుడు.

ఆ ఒంగోలు బాప్టిస్టులదే ఇంకో సంగతి. కరువు గుర్తుందా మీకు? 1876 నుంచి 78 దాకా వచ్చినది. మీకెట్లా గుర్తుంటుంది, నాకూ లేదు, మా తాతలు చెప్పిందే. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు క్లౌ తీసుకుని ఆకలివాళ్ళకు పని ఇచ్చాడు. పని జరిగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వనన్నాడు, తిండి కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో మునిగారు. ఆరుగురు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున, మార్చుకుంటూ ఇచ్చారు. ఇంతమందికి ఏం తెలిసి ఇచ్చారని అప్పుడే అడిగినవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. పల్లెల్లో తిరిగే బోధకులు తమ ఊరివాళ్ళను తామే పరీక్ష చేసి తెచ్చారు. మేం లూథరన్లం, నెత్తిన నీళ్ళు చల్లించుకున్నవాళ్ళం కాబట్టి మునగడం మీద ఒంగోలు చుట్టాలతో పెళ్ళిళ్ళలో వాదులాడుకునేవాళ్ళం. చూడండి, పెళ్ళి పందిట్లో బాప్తిస్మం మీద వాదన! ఇప్పుడు పెళ్ళి పందిట్లో డ్రోను గురించి వాదించుకుంటున్నారు.

హైస్కూల్లో మాకు తెలుగు చెప్పిన మాస్టారు శ్రోత్రియ బ్రాహ్మడు. సమాసాలు చెప్పేటప్పుడు అద్వితీయ బోర్డు మీద రాసి విగ్రహవాక్యం చెప్పమన్నారు. నేను లేచి “రెండోవాడు లేనివాడు” అన్నాను. రెండోవాడు కానివాడు అని ఎందుకు అనకూడదన్నారు. అనకూడదండీ, అప్పుడు మూడోవాడైనా కావచ్చు, మొదటివాడైనా కావచ్చు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెండోది కానిది అంటే నఞ్ తత్పురుషం, రెండోది లేనిది అంటే బహువ్రీహి, మొదటిది తప్పు, రెండోది ఒప్పు అని క్లాసుకు చెప్పి, “నీకెవరు చెప్పార్రా?” అని అడిగారు.

“గుడిలో అండీ.”

“ఏ గుడి?”

నేను చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. క్లాసయ్యాక పిలిచి, కోపం లేకుండానే, ఒక ముడి వేశారు: “తండ్రి ఉండగా కుమారుడు అద్వితీయుడెట్లా అవుతాడు? తండ్రి ఒకడు, కుమారుడు రెండు. మా వాళ్ళు ఆ మాట అంటే తనలాంటి ఇంకొకటి గానీ, తనకు భిన్నమైన ఇంకొకటి గానీ, తనలోనే ముక్కలు గానీ, ఏ భేదమూ లేదని అర్థం. మీరు కొడుకును తెచ్చి పక్కన నిలబెట్టారు. వెళ్ళి మీ పంతులుగారిని అడిగి రా.”

అడిగాను. పంతులుగారు వెంటనే చెప్పలేదు, అదే ఆయన గొప్ప. కొన్ని రోజులు తిరగేశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పిలిచి చెప్పాడు: “వాళ్ళు దేవుణ్ణి లెక్కపెట్టి రెండోది లేదంటున్నారు. మనం ఆ లెక్క ఒప్పుకున్నాకే కుమారుణ్ణి లెక్కపెడుతున్నాం. ఇట్లాంటి కుమారుడు రెండో ఆయన లేడంటున్నాం. కుమారుడు రెండో దేవుడు కాదు కాబట్టి వాళ్ళ లెక్కకు మనం అడ్డం రావడం లేదని మీ మాస్టారుతో చెప్పు.” చెప్పాను. మాస్టారు నవ్వి, “మీ పంతులు గట్టివాడు. ఒప్పుకోను గానీ గట్టివాడు” అన్నారు. వాళ్ళిద్దరూ ఒకరి ఇంటికి ఒకరు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ కాలంలో వెళ్ళే వీలూ లేదు. నన్ను అటూ ఇటూ తిప్పి ఆ ఏడాదంతా వాదించుకున్నారు. నా జీవితంలో అంత చదువు మళ్ళీ నాకు దొరకలేదు.

కవి జాషువాగారు కూడా ఈ నేల మీదివాడే. వినుకొండలో 1895లో పుట్టాడు, గుంటూరు లూథరన్ ట్రైనింగ్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ కబురు పేపర్లో చదివి మా మాస్టారే నాకు చెప్పారు. ఇప్పటి గుడుల్లో ఆ పద్యాలు చదివేవాళ్ళను నేను చూడలేదు. విగ్రహం దగ్గర దండ వేసి ఫొటో తీసుకునేవాళ్ళను చూశాను.

ఇక ఇప్పటి గుళ్ళు. మా పాత గుడి పడగొట్టి స్లాబు వేశారు, సంతోషం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. తెర మీద పాటలు వేస్తారు, కీబోర్డు, డ్రమ్ములు. విశ్వాస ప్రమాణం పండగలకు చెబుతారు, మిగతా ఆదివారాలు టైము సరిపోదట. డ్రమ్ములకు టైముంది. ఉజ్జీవ సభలకు వచ్చే ప్రసంగీకులు ప్రతి వాక్యానికీ ముందు ఆసమ్, మైటీ, ఎక్స్‌ట్రార్డినరీ అంటారు. పక్కన నిలబడి తర్జుమా చేసే కుర్రాడు మూడింటికీ కలిపి ‘అద్భుతమైన’ అంటాడు. సభ అయ్యాక తోటి ప్రసంగీకుణ్ణి పరిచయం చేస్తూ ‘అద్వితీయ దైవజనులు’ అన్నారొకసారి. నేను లేచి బయటికి వచ్చేశాను. మా ఆవిడ కుర్చీలోనే ఉండిపోయింది, భోజనాలు బాగున్నాయని.

కొత్త తర్జుమాల్లో అద్వితీయ తీసేసి ‘ఏకైక’ అని పెట్టారు. పామరులకు అర్థం కావాలని. పామరులెవరు? మా నాయనమ్మకు అర్థమైంది, ఎంటెక్ చదివినవాడికి అర్థం కాదని వీళ్ళ బెంగ. పైగా ఏకైక గట్టి మాట అనుకుంటున్నారు. ‘పట్టణంలో ఏకైక ఏసీ ఫంక్షన్ హాలు’ అని బస్టాండు గోడ మీద ఉంది, అవతలి గోడ మీద ఇంకో ఏకైక ఏసీ హాలు ఉంది. గ్రీకు ప్రకారం ఏకైక తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని విన్నవాడెవడూ ఆగి, అదేమిటని అడగడు. అద్వితీయ దగ్గర నాలుక ఆగేది. ఆగినచోటే పంతులుగారు ప్రశ్న వేసేవాడు.

ఈ దేశంలో విశేషణానికి ఇంకా విలువ ఉన్న చోటు ఒకటే మిగిలింది, గుంటూరు మిర్చి యార్డు. అక్కడికి నేను ఇప్పటికీ ఏటా వెళ్తాను, మా తమ్ముడి కాయ అమ్మడానికి. డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం, తాలు. ఊరికే అనడానికి లేదు. డీలక్స్ అన్నావంటే టిక్కీ బస్తా మూతి విప్పి చూపించాలి. కొనేవాడు చెయ్యి లోపలికి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీస్తాడు, రంగు చూస్తాడు, కాయ తుంచుతాడు, తేమ చూస్తాడు, వాసన చూస్తాడు. తేజ అని చెప్పి వేరే రకం కలిపితే అక్కడే బయటపడుతుంది. ఒక మాట మారితే క్వింటాలుకు వేలు తేడా. ఆ యార్డులో ఎవరూ తన కాయను అద్వితీయం అనడు. అంటే విప్పి చూపించమంటారు కాబట్టి. ఫ్లెక్సీ నాయకుల్నీ సభల ప్రసంగీకుల్నీ పొద్దున్నే ఆ యార్డులో దించి, వరసలో నిలబెట్టి, కమీషన్ ఏజెంటు చేత గ్రేడు వేయించాలని నాకు చాలాకాలంగా కోరిక. తాలు ఎంత తేలుతుందో చూడాలి.

మొన్న సంక్రాంతికి మనవడు వచ్చాడు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్. ఫోన్‌లో ఐదు రకాల తెలుగు బైబిళ్ళున్నాయని చూపించాడు, ఒక్క వేలితో ఇటునుంచి అటు మారుస్తున్నాడు. ఒకదాంట్లో అద్వితీయ, ఇంకోదాంట్లో ఏకైక. “ఇందులో ఏది కరెక్టు తాతా?” అన్నాడు. అడిగాడు గదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. అరుగు మీద సర్దుకుని కూర్చుని, పంతులుగారి గొంతు తెచ్చుకుని, “ముందు ఇది చెప్పరా. అబ్రాహాముకు ఇస్సాకు ఒక్కడే కొడుకా?” అన్నాను.

“అవును.”

“మరి ఇష్మాయేలు?”

“ఇష్మాయేలు ఎవరు?”

ఆదికాండం పదహారో అధ్యాయం తియ్యి అన్నాను. ఛార్జింగ్ అయిపోయిందన్నాడు. బీరువాలో పుస్తకముంది, తాళం నా దగ్గరే ఉంది, తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఎటునుంచి తెరవాలో చూస్తున్నాడు.